డిగ్రీకి నాలుగు నిమిషాలు, తిథికి రెండు గడియలు

ఒంగోలు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి పదో తరగతి. భ్రమణం, పరిభ్రమణం, పరిహేళి, అపహేళి, పర్వవేలలు, లఘువేలలు అంటూ రాత్రంతా బట్టీ పడతాడు. తెల్లవారేసరికి ఒకదాని బదులు ఇంకొకటి రాస్తాడు. సముద్రపు పోటు రోజూ ఒకే వేళకు ఎందుకు రాదని నన్ను అడిగితే చెప్పలేకపోయాను. ఇవన్నీ గుర్తుండే మార్గం ఏదైనా ఉందా?"

అమ్మా, నేను పంతులును కాను. కావలి దగ్గర రొయ్యల మేత అమ్ముకునే దుకాణం నాది. అయితే ఆ పోటు విషయంలో చిన్నప్పుడు ఒకసారి బాగా దెబ్బతిన్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను. మీరు చివర అడిగినదాన్నే ముందుకు తెస్తాను. అది తలకెక్కితే మిగతా మాటల్లో చాలావరకు దాని వెనకే వస్తాయి.

మా ఊరు సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ నడుమ ఉంటుంది. నా చిన్నతనంలో ఊళ్లో సగం మందికి ఉప్పు మడులే బతుకు. ఉప్పుటేటి నుంచి మా మడుల దాకా ఒక పిల్లకాలువ, దానికి ఒక తూము, తూముకు చెక్క తలుపు ఉండేవి. తూము దాటిన నీళ్లు ముందు ఒక చెరువులో చేరతాయి. అక్కడి నుంచి మడి తర్వాత మడి మారుతూ, ఎండకు చిక్కబడుతూ పోయి చివరి మడుల్లో ఉప్పుగా పేరుకుంటాయి. నీళ్లు తోడే యంత్రం మాకు లేదు. పున్నమికీ అమావాస్యకూ ఏరు బాగా పొంగినప్పుడు తలుపు ఎత్తి చెరువు నింపుకోవాలి. మిగతా రోజుల్లో పోటు వచ్చినా తూము గడప అందుకోదు.

నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఒక పౌర్ణమి నాడు మా నాయన నన్ను పక్కన నిలబెట్టుకుని ఉదయం ఏడింటికి తలుపు ఎత్తాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో పోటు నిండింది, తలుపు దించేశాడు. ఆ సాయంత్రం పెళ్లి పని మీద ఉదయగిరి వైపు వెళుతూ, "విదియ నాడు పొద్దున నువ్వు ఎత్తు. ఏటి నీళ్లు చెరువు నీళ్ల కంటే పైకి వచ్చాకే ఎత్తు" అని చెప్పాడు. మొదటి మాట విన్నాను, రెండో మాట గాలికి వదిలేశాను. విదియ ఉదయం గడియారం చూసుకుని సరిగ్గా ఏడింటికి తలుపు ఎత్తి గట్టున కూర్చున్నాను. కాసేపటికి చూస్తే నీళ్లు లోపలికి రావడం లేదు, బయటికి పరుగెత్తుతున్నాయి. దించుదామంటే నీటి ఒరవడికి తలుపు బిగుసుకుపోయింది. గంటకు పైగా చెరువు ఏటిలోకి ఖాళీ అయింది. ఆ తర్వాత పోటు వచ్చి చెరువును మళ్లీ నింపింది కానీ, పోయినవి ఎండకు కాగి చిక్కబడిన నీళ్లు, వచ్చినవి పచ్చి సముద్రపు నీళ్లు. ఆ విడత ఉప్పు రోజుల తరబడి వెనకబడింది.

నాయన తిరిగి వచ్చి కొట్టలేదు. "ఏరా, పౌర్ణమి నాడు చంద్రుడు పొద్దు గుంకే వేళకు పొడిచాడు. నిన్న ఎప్పుడు పొడిచాడో చూశావా? ఆయన ఆలస్యమైతే పోటు మాత్రం వేళకు వస్తుందా? తిథికి రెండు గడియలు తీసుకో" అన్నాడు, అంతే. ఈ "తిథికి రెండు గడియలు" అన్న మాటలో ఎంత ఖగోళశాస్త్రం ఉందో చాలా ఏళ్ల తర్వాత, మా అమ్మాయి పాఠ్యపుస్తకం చదువుతున్నప్పుడు గాని నాకు తెలియలేదు.

గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. తిథి అనేది పంచాంగంలో ఒక గడి అని మనం అనుకుంటాం గాని, అసలు అది ఒక కోణం. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి పూర్తవుతుంది. ముప్పై తిథులకు 360 డిగ్రీలు, అంటే ఒక చాంద్రమాసం, సగటున 29.53 రోజులు. మరోవైపు భూమి తన చుట్టూ తాను 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడుతుంది కాబట్టి డిగ్రీకి నాలుగు నిమిషాలు. చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగిపోతే, అతణ్ని మళ్లీ నడినెత్తికి తెచ్చుకోవడానికి మా ఊరు భూమితో పాటు మరో 12 డిగ్రీలు తిరగాలి. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది నిమిషాలు, అంటే సరిగ్గా రెండు గడియలు. ముప్పై తిథులకు అరవై గడియలు, ఒక పూర్తి రోజు. నెల తిరిగేసరికి పోటు ఒక రోజంతా వెనకబడి మళ్లీ మొదటి వేళకే వచ్చి చేరుతుంది.

పుస్తకంలో రోజుకు 50 నిమిషాలు అని ఉంటే కంగారు పడవద్దు. సగటు తిథి రోజు కంటే కాస్త చిన్నది, ఆ తేడానే అది. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ లెక్క నెల మొత్తానికి సగటు. పున్నమి, అమావాస్యల దగ్గర ఆలస్యం నలభై నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది, అష్టమి దగ్గర గంట దాటిపోతుంది. అందుకే నాయన గడియారాన్ని నమ్మమనలేదు, నీళ్లను చూడమన్నాడు.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: చంద్రుడు ఒకవైపే ఉంటే పోటు రోజుకు రెండుసార్లు ఎందుకు? దూరం పెరిగిన కొద్దీ ఆకర్షణ తగ్గుతుంది. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిని అతడు భూగోళం కంటే కాస్త గట్టిగా లాగుతాడు, అక్కడ నీరు ఉబ్బుతుంది. అవతలి వైపు నీటిని భూగోళం కంటే కాస్త మెత్తగా లాగుతాడు, అక్కడి నీరు వెనకపడిపోయి అదీ ఉబ్బుగానే కనిపిస్తుంది. ఇలా రెండు ఉబ్బులు, వాటి నడుమ రెండు పల్లాలు. అందువల్ల పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. నీరు పెరగడం పోటు, తగ్గడం ఆటు. పాటు అన్నా అదే. పరీక్షలో ఆటుపోట్లు అన్నా, పోటుపాటులు అన్నా తప్పు లేదు.

ఇక్కడే సూర్యుడి సంగతి చెప్పాలి. భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడు లాగే బలానికి దాదాపు 180 రెట్లు. అయినా పోటులో అతడి వాటా చంద్రుడి వాటాలో సగం కంటే తక్కువే. పోటును పుట్టించేది భూమికి ఈ వైపునా ఆ వైపునా పడే లాగుడులోని తేడా. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అంత దూరం నుంచి చూస్తే భూమి ఈ అంచుకూ ఆ అంచుకూ తేడా ఏపాటిది? చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు.

అమావాస్యకు ఇద్దరూ ఒకవైపు, పౌర్ణమికి చెరోవైపు. రెండు సందర్భాల్లోనూ ముగ్గురూ ఒకే వరుసలో ఉంటారు, ఇద్దరి బలాలూ కలిసి పోటు ఎత్తుగా లేస్తుంది, పాటు లోతుగా దిగుతుంది. అవి పర్వవేలలు. పర్వం అంటే కణుపు. చెరకు గడకు కణుపులు ఉన్నట్టే నెలకు పున్నమి, అమావాస్య అనే రెండు కణుపులు. మీ అబ్బాయి చేతికి ఒక చెరకు ముక్క ఇచ్చి ఈ మాట చెప్పండి, జన్మలో మరిచిపోడు. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ లంబంగా ఉండి ఒకరి పని ఒకరు చెడగొట్టుకుంటారు. అప్పుడు వచ్చేవి లఘువేలలు, లఘువు అంటే తేలిక. వేల అన్న సంస్కృత పదం నుంచే మన 'వేళ' కూడా వచ్చింది. సముద్రపు పొంగుకూ కాలానికీ ఒకే మాట పెట్టినవారికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మా తీరంలో పర్వవేలకు పోటుకూ పాటుకూ తేడా ఒక మీటరు దగ్గర ఉంటుంది, లఘువేలకు అరమీటరు లోపే. గుజరాత్‌లోని భావ్‌నగర్ వైపు ఇది పది మీటర్లు దాటుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా వెళుతుంది. తీరం ఆకారం, సముద్రపు లోతు చేసే మాయ అది. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడే పోటు నిండాలన్న నియమం లేకపోవడానికీ ఇదే కారణం. పౌర్ణమి చంద్రుడు నడిరాత్రి నెత్తిన ఉంటాడు, మా దగ్గర పోటు మాత్రం ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల మధ్య నిండుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది పౌర్ణమి నాడు, అదీ ఇంచుమించు పోటు వేళకే. దాంతో ఇది చంద్రుడి పనే అని మా ఊళ్లో ఇప్పటికీ వాదించేవారున్నారు. సుమత్రా దగ్గర సముద్రపు అడుగున భూకంపం వచ్చింది, ఆ అల దానిది. తుపాను తోసుకొచ్చే ఉప్పెన ఇంకోటి. ఈ మూడింటినీ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

ఇక భ్రమణం, పరిభ్రమణం. గుడిలో స్వామి ఎదుట నిలబడి ఉన్నచోటే చుట్టూ తిరుగుతాం, అది ఆత్మప్రదక్షిణ, అదే భ్రమణం. గర్భగుడి చుట్టూ తిరిగి వస్తాం, అది పరిభ్రమణం. పరిసరాలు, పరిధి, పరివారం అన్న మాటల్లో ఉన్న 'పరి' ఇక్కడా ఉంది: చుట్టూ అని. ఈ పోలికలో ఒక లోపం ఉందని మా అమ్మాయే పట్టుకుంది. ఉత్తరధ్రువం పైనుంచి చూస్తే భూమి చేసే రెండు తిరుగుళ్లూ అప్రదక్షిణంగానే ఉంటాయి. గడియారపు ముల్లుకు ఎదురు దిశ.

భ్రమణం వల్ల మన ప్రాంతం గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా వేగంతో తూర్పుకు పోతోంది. కాలువలో పడవ మీద పోతున్నవాడికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయని, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపించడం అలాంటిదేనని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. శ్రీహరికోట రాకెట్లు తూర్పుకు వెళ్లేటప్పుడు ఈ భ్రమణం వాటికి సెకనుకు 450 మీటర్ల వేగాన్ని ఉచితంగా ఇస్తుంది. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 వెళ్లినప్పుడు నెల్లూరులో బంధువుల మేడ మీద నుంచి చూశాను. నిప్పు చుక్క పైకి లేచి మెల్లగా తూర్పుకు ఒరిగిపోయింది. ధ్రువ కక్ష్యలకు పంపే ఉపగ్రహాలకు మాత్రం ఈ కానుక పనికిరాదు.

డిగ్రీకి నాలుగు నిమిషాలన్న లెక్కను ఇంకా వదలకండి. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. నెల్లూరు, ఒంగోలు రెండూ 80 డిగ్రీలకు అటూ ఇటూ. తేడా రెండున్నర డిగ్రీలు, అంటే పది నిమిషాలు. కనుక మనకు సగటున 12:10కి గాని నడిమధ్యాహ్నం కాదు.

పరిభ్రమణంలోనూ అదే లెక్క. భూమి సూర్యుడి చుట్టూ రోజుకు సుమారు ఒక డిగ్రీ నడుస్తుంది. అందువల్ల నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తాయి, నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలే పడుతుంది. చంద్రుడి దగ్గర 12 డిగ్రీలు, ఇక్కడ ఒకటి, తేడా అంతే. రైతుల కార్తెలు కూడా ఈ నడకే. సూర్యుడు ఏ నక్షత్రం సరసన కనిపిస్తే ఆ కార్తె. 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు, కలిపితే ఏడాది. స్వాతి, విశాఖ కార్తెల్లో ఈశాన్య రుతుపవనాల వాన కోసం ఎదురుచూసే నెల్లూరు రైతుకు పరిభ్రమణం అన్న మాట తెలియకపోవచ్చు, భూమి తన కక్ష్యలో ఎక్కడ ఉందో మాత్రం తెలుసు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అప్పుడు సూర్యుడు మనకు దగ్గరగా ఉంటాడని నేను చాలాకాలం నమ్మాను. తలకిందులు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి 3, 4 తేదీల ప్రాంతంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లకు. అది పరిహేళి. హేళి అంటే సూర్యుడు. ధనుర్మాసంలో చలికి వణుకుతూ ముగ్గులు వేసే రోజులే పరిహేళి అని గుర్తుపెట్టుకోమనండి. దూరమయ్యేది జూలై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లకు. అది అపహేళి. ఆరుద్ర కార్తె ముగిసే రోజులు: అపహేళికి ఆరుద్ర, అకారంతో అకారం. రుతువులకు కారణం ఈ దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండడం. ఆ ఒరుగు వల్లే నెల్లూరులో జూన్ పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు పగలు పదకొండుంబావు గంటలు. పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉండే మార్చి 20-21, సెప్టెంబరు 22-23 విషువత్తులు.

ఉత్తరాయణం గురించి ఇంట్లో పెద్దవాళ్లతో వాదన వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఒక్క మాట. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21-22న. సంక్రాంతి జనవరి 14-15న. బొంగరం తిరుగుతూనే మెల్లగా తల ఊపినట్టు భూమి అక్షం కూడా 26,000 ఏళ్లకు ఒకసారి చుట్టు తిరుగుతుంది, అంటే 72 ఏళ్లకు ఒక డిగ్రీ. దాదాపు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు. అప్పటి నుంచి ఎడం 24 డిగ్రీలు పెరిగింది, అందుకే 24 రోజుల తేడా. మా అత్తగారికి ఈ మాట చెప్పి అరిసెలు పోగొట్టుకున్నాను, మీరు జాగ్రత్త.

సౌరకుటుంబం మీద ఎక్కువ చెప్పను, ఆ పట్టిక పుస్తకంలో ఉంటుంది. సూర్యుడికి దూరం పెరిగిన కొద్దీ గ్రహం నెమ్మదిగా నడుస్తుంది, దారి కూడా పొడవు. కనుక బుధుడికి ఏడాది 88 రోజులు, నెప్ట్యూన్‌కు సుమారు 165 ఏళ్లు. 2006 నుంచి ప్లూటో మరుగుజ్జు గ్రహం. నవగ్రహాల మంటపంలోని రవి, చంద్రుడు, రాహువు, కేతువు ఈ లెక్కలో గ్రహాలు కారు. రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులు. చంద్రుడి దారి అయిదు డిగ్రీలు వాలి ఉంటుంది, ఆ బిందువుల దగ్గర అమావాస్యో పున్నమో పడితేనే గ్రహణం.

మీరు ఒంగోలులో ఉన్నారు కాబట్టి రెండు పనులు చేయించండి. గుండ్లకమ్మ సముద్రంలో కలిసే వైపు గాని, కొత్తపట్నం దగ్గర అలలు తగలని ఏ ఉప్పుటేటి గట్టున గాని, తెలిసిన పల్లెకారులను తోడు తీసుకుని అంగుళాల గుర్తులు పెట్టిన కర్ర ఒకటి పాతించండి. తెరిచిన సముద్రపు ఒడ్డున అలల్లో కొలత కుదరదు, ప్రమాదం కూడా. పున్నమి దాటిన మర్నాడు ఒకసారి, అష్టమి దాటిన మర్నాడు ఒకసారి నీటిమట్టం ఎంత లేచి ఎంత దిగిందో రాసుకోవాలి. పర్వవేల ఎత్తు సరిగ్గా పర్వం రోజున కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, అందుకే మర్నాడు అన్నాను.

రెండోది మే 2 లేదా 3న. మేడ మీద చదునైన చోట ఒక చెంబు బోర్లించి మధ్యాహ్నం 12 గంటల 7 నిమిషాలకు చూడమనండి. సూర్యుడు సరిగ్గా ఒంగోలు నెత్తిన ఉంటాడు, చెంబు నీడ చెంబు కిందే ఉండిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఆగస్టు 10 దాకా నడిమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మా అమ్మాయి మాట నేను నమ్మక, దుకాణం ముందు ఎండలో మేత బస్తా నిలబెట్టి చూసుకున్నాను.